అన్నీ వాయించేవాళ్లు, తమదే వాయించేవాళ్లు

(కొద్దిమంది సంగీతాభిమానులు, సంగీత విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో వినిపించిన రికార్డింగులను బ్రాకెట్లలో సూచించాం.)

అందరికీ నమస్కారం. నన్ను జాజ్ ఇంప్రొవైజేషన్ గురించి, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం గురించి మాట్లాడమన్నారు. ఒక సాయంత్రంలో తేలే విషయం కాదది. అందుకని అందులోంచి ఒక పాత తగాదా మాత్రం తీసుకుంటాను.

జాజ్ వాయించేవాళ్లు నలుగురు ఎక్కడ చేరినా ఈ తగాదా వస్తుంది. ఫలానా ఆయన ఏ స్టైల్ అడిగినా వాయిస్తాడు, ఏ బ్యాండ్‌లో కూర్చోబెట్టినా ఇమిడిపోతాడు, నొటేషన్ ముందు పెడితే తడుముకోడు. కానీ రికార్డు పెడితే వాయిస్తున్నది ఎవరో చెప్పలేం. ఇంకొకాయన ఉంటాడు. ఆయనది ఒకటే పద్ధతి. కానీ రెండు స్వరాలు పడేసరికి ఆయనే అని తెలిసిపోతుంది. వీళ్లలో ఎవరు గొప్ప? నేను రెండో ఆయన పక్షం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇవాళ ఇక్కడ జడ్జిలాగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే నా పక్షాన్ని ఇరుకున పెట్టే ఉదాహరణలు కూడా తెచ్చాను. అవి లేకపోతే తగాదాలో మజా ఏముంది? (నవ్వులు)

మీలో చాలామందికి కర్ణాటక సంగీతం తెలుసు కాబట్టి మనోధర్మం, అంటే ఈ అప్పటికప్పుడు అల్లడం, ఏమిటో నేను చెప్పక్కర్లేదు. జాజ్‌లో అది దేని మీద జరుగుతుందో చెప్పి ముందుకు వెళ్తాను. అక్కడ రాగం బదులు ఒక పాట ఉంటుంది. చాలా పాటలు 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటి చిన్న కొలత), అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి వచ్చిన బ్లూస్ అయితే సాధారణంగా 12 బార్లు. ఆ బార్లలో కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, ఒక వరసలో మారుతూ పోతాయి. పాట ఒకసారి వాయించేశాక అదే కార్డ్స్ వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సోలో వాయించే మనిషి దాని మీద అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుతాడు. ఒక చుట్టు తిరిగితే దాన్ని కోరస్ అంటారు. అందరూ నడిచేది ఆ 12 బార్ల మీదే, ఆ 32 బార్ల మీదే. అందుకే పోలిక సులువు. ఒకే బ్లూస్ మీద ఆరుగురు తలా ఒక కోరస్ వాయిస్తే, ఎవరు ఏ రకం మనిషో నిమిషాల్లో బయటపడుతుంది. కాసేపట్లో మీకు అదే వినిపిస్తాను.

ఇంకొక్క మాట. కొత్తగా వినేవాళ్లు, ముఖ్యంగా నేర్చుకునేవాళ్లు, సోలో అనగానే ఏ స్వరాలు వాయించాడు అని కాగితం మీద రాసుకుంటారు. మంచిదే. కానీ మనిషిని పట్టిచ్చేది చాలాసార్లు స్వరాలు కావు. నాదం ఎలా ఉంది, స్వరాన్ని తాళానికి కాస్త ముందు వేశాడా, కాస్త వెనక్కి లాగాడా, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఎక్కడ ఊరుకున్నాడు. ఇవేవీ నొటేషన్‌లోకి రావు.

సరే, ముందు అవతలి పక్షం మాట. అన్నీ వాయించడం అనే గుణం గొప్ప కోసం పుట్టలేదు, పొట్ట కోసం పుట్టింది. 1920, 30ల్లో జాజ్ అంటే డాన్సు సంగీతం. జనం నాట్యం చేయడానికి వచ్చారు, వాళ్లకి వాల్ట్జ్ కావాలి, ఫాక్స్‌ట్రాట్ కావాలి, ఆ వారం రేడియోలో మోగుతున్న పాట కావాలి. తర్వాత బ్రాడ్వే నాటకాలు, రేడియో ఆర్కెస్ట్రాలు, రికార్డింగ్ స్టూడియోలు వచ్చాయి. శాక్సఫోన్ వాయించేవాడు క్లారినెట్, ఫ్లూట్ కూడా వాయిస్తేనే పని దొరికేది.

ఇది అమెరికా సంగతే కాదు. 1935లో లియాన్ ఆబీ అనే వయొలినిస్టు తన నల్లజాతి బ్యాండుతో బొంబాయి తాజ్ మహల్ హోటల్‌కి వచ్చాడు. తర్వాత టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే పియానిస్టు వచ్చి మన దేశంలోనే ఉండిపోయాడు, 1945లో కలకత్తాలో పోయాడు. వీళ్లను వినీ, పక్కన కూర్చునీ జాజ్ పట్టుకున్నవాళ్లలో గోవావాళ్లు ఎక్కువ. ఊళ్లో చర్చి పాఠశాలల్లో స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య స్వరలిపి, నేర్చుకుని వచ్చినవాళ్లు. చిక్ చాకొలేట్ అనే ట్రంపెటర్‌ని భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవారు. రాత్రి హోటల్లో జాజ్, పగలు హిందీ సినిమా ఆర్కెస్ట్రాలో పని. సంగీత దర్శకుడు సి. రామచంద్ర పాటల్లో ఆ ట్రంపెట్ ఊపు వినపడుతుంది. శంకర్ జైకిషన్ దగ్గర ఏళ్ల తరబడి అరేంజర్‌గా, అంటే ఏ వాద్యం ఏం వాయించాలో రాసే మనిషిగా ఉన్న సెబాస్టియన్ డిసౌజా కూడా గోవా మనిషే. హిందీ సినిమా పాట వెనక ఇంత పెద్ద ఆర్కెస్ట్రా నిలబడిందంటే అన్నీ వాయించగలిగిన ఈ మనుషుల వల్లే. వీళ్లలో చాలామంది పేర్లు పాటల రికార్డుల మీద లేవు. కాబట్టి నేను రెండో ఆయన పక్షం అన్నాను కానీ, మొదటి ఆయన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు.

ఇప్పుడు నా పక్షానికి వస్తాను. 1934, న్యూయార్క్. ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్ ఆ రోజుల్లో పెద్ద బ్యాండ్. దాంట్లో టెనర్ అనే మంద్రపు శాక్సఫోన్ వాయించేది కోల్‌మన్ హాకిన్స్. ఆయనది నిండైన, బరువైన నాదం. వైబ్రాటో, అంటే స్వరాన్ని ఊపడం, బాగా ఎక్కువ. కార్డ్ మారిన ప్రతిచోటా దాన్ని విప్పి చూపిస్తాడు. టెనర్ అంటే అలాగే ఉండాలని అందరికీ అలవాటైపోయింది. హాకిన్స్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, ఆ ఖాళీలోకి లెస్టర్ యంగ్ అనే కుర్రాడిని తెచ్చారు. ఇంకా పాతికేళ్లు నిండలేదు. మిసిసిపీలో పుట్టి, తండ్రి నడిపిన కుటుంబ బ్యాండ్‌తో ఊళ్లు తిరుగుతూ పెరిగాడు. మొదట్లో డ్రమ్స్ వాయించేవాడు. ఫ్రాంకీ ట్రంబావర్ అనే శాక్సఫోనిస్టు రికార్డులు ఇష్టంగా వినేవాడు. ఆ సన్నని, తేలికైన నాదాన్ని టెనర్ మీదికి తెచ్చాడు. వైబ్రాటో దాదాపు లేదు. కార్డ్స్ మారుతుంటే ఒక్కొక్కదాన్నీ పలకరించకుండా వాటి మీదుగా తేలిపోతాడు.

బ్యాండ్‌లో మిగతావాళ్లకి ఇది నచ్చలేదు. ఇదేం టెనర్, ఇంకా పై స్థాయిలో పలికే ఆల్టో శాక్సఫోన్‌లా ఉంది అన్నారు. లెస్టర్ అప్పుడు హెండర్సన్ ఇంట్లోనే దిగాడు. హెండర్సన్ భార్య లియోరా పొద్దున్నే ఇతన్ని లేపి హాకిన్స్ రికార్డులు పెట్టేది. ఇలా వాయించలేవా నాయనా అని. ఆవిడ తప్పేం లేదు, భర్త బ్యాండ్ బాగుండాలని ఆవిడ తాపత్రయం. లెస్టర్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పాడు. వాళ్లింట్లో ఉంటున్నాను కదా, ఆవిడ మనసు నొప్పించకూడదని మర్యాదగా విన్నాడట. వాయించడం మాత్రం తన పద్ధతిలోనే వాయించాడు. కొన్ని నెలలకే బయటికి వచ్చేశాడు. వచ్చేముందు హెండర్సన్‌ని ఒకటే అడిగాడు, నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదని ఒక ఉత్తరం రాసివ్వండి అని.

నాకు ఈ కథలో ఆ ఉత్తరం బాగా ఇష్టం. పంతం పట్టిన కళాకారుడు తలెత్తుకుని వెళ్లిపోయాడని మనం కథలు చెప్పుకుంటాం. ఇతనికి వెనక్కి వెళ్లాక పని కావాలి, తను వచ్చిన కాన్సస్ సిటీలో పరువు కావాలి. అవన్నీ కావాలి, అయినా నాదం మార్చలేదు. హాకిన్స్‌లాగా వాయించడం ఇతనికి చేతకాదా? కొన్నాళ్లు కూర్చుంటే ఆ ఛాయలైనా పట్టుకునేవాడే. ఆ కూర్చోవడం ఇష్టం లేదు, అంతే.

తర్వాత కౌంట్ బేసీ బ్యాండ్‌లో చేరాడు. 1936లో షికాగోలో మొదటి రికార్డింగు చేసేసరికి 27 ఏళ్లు. మరుసటి ఏడాది వేసవిలో చార్లీ పార్కర్ అనే పదహారేళ్ల కుర్రాడు ఓజార్క్ కొండల్లోని ఒక విడిదిలో బ్యాండ్‌తో పనిచేస్తూ, లెస్టర్ సోలోలు స్వరం స్వరం కంఠతా పట్టాడు. ఆ పార్కర్ లెస్టర్‌లా మిగిలిపోలేదు, ఆల్టో శాక్సఫోన్ మీద తన దారి తాను వేసుకున్నాడన్నది మీకు తెలుసు.

ఇప్పుడు రికార్డింగ్. 1957 డిసెంబర్ 8న సీబీఎస్ టీవీలో ప్రసారమైన కార్యక్రమం. గాయని బిల్లీ హాలిడే తన బ్లూస్ పాడుతుంది, మధ్యలో ఒక్కొక్కరు సోలో వాయిస్తారు. మొదట బెన్ వెబ్‌స్టర్, తర్వాత లెస్టర్ యంగ్. కాసేపటికి కోల్‌మన్ హాకిన్స్. ముగ్గురిదీ టెనర్ శాక్సఫోనే, ముగ్గురికీ అవే 12 బార్లు. లెస్టర్ అప్పటికే ఆరోగ్యం పాడై ఉన్నాడు. ఎన్ని స్వరాలు వాయిస్తాడో చూడండి. తర్వాత హాకిన్స్ వచ్చి ఎన్ని వాయిస్తాడో చూడండి.

(ఆ టీవీ రికార్డింగ్ చూపించారు.)

హాకిన్స్ బాగా వాయించలేదని ఎవరూ అనలేరు. బ్రహ్మాండంగా వాయించాడు. కానీ లెస్టర్ వాయిస్తున్నప్పుడు కెమెరా బిల్లీ మొహం మీదికి వెళ్లింది చూశారా? ఆ కెమెరామన్‌కి సంగీతం తెలుసో లేదో కానీ ఎటు చూడాలో తెలుసు. 1959 మార్చిలో లెస్టర్, జూలైలో బిల్లీ పోయారు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. 1934లో ఎవరికీ అక్కర్లేని ఆ నాదం 1940ల చివరికి ఫ్యాషన్ అయింది. లెస్టర్‌లా వాయించనివాళ్లంతా తప్పు వాయిస్తున్నట్టే అన్నాడు బ్రూ మూర్ అనే శాక్సఫోనిస్టు. లెస్టర్‌కి ప్రెజ్, అంటే ప్రెసిడెంట్ అని పేరుంటే, పాల్ క్వినిషెట్ అనే ఆయనకి వైస్ ప్రెజ్ అని పేరు పెట్టారు. ఒక మనిషి సొంత గొంతు ఇంకో తరానికి సిలబస్ అయింది. లెస్టర్‌ని వదిలించుకోవడం వాళ్ల సమస్య, వాళ్లలో స్టాన్ గెట్జ్ లాంటి కొద్దిమందే తమ దారి తాము చూసుకున్నారు.

(సభలోంచి ఒక ప్రశ్న: చేతకానిదాన్నే కొందరు శైలి అంటున్నారేమో కదా?)

మంచి ప్రశ్న, దీనికోసమే చూస్తున్నాను. మైల్స్ డేవిస్‌ని తీసుకుందాం. 1944లో న్యూయార్క్ వచ్చాడు, మరుసటి ఏడాదికి చార్లీ పార్కర్ పక్కన ట్రంపెట్. అంతకుముందు ఆ స్థానంలో ఉన్నది డిజ్జీ గిలెస్పీ. డిజ్జీ ట్రంపెట్ మీద తారస్థాయిలో ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా వెళ్లగలడు. 19 ఏళ్ల మైల్స్‌కి అది రాదు. ఇది నా ఊహ కాదు, రికార్డు మీదే ఉంది. 1945 నవంబర్ 26న జరిగిన ఒక సెషన్‌లో విపరీతమైన వేగంతో సాగే ఒక పాట ఉంది, పేరు కోకో. దాంట్లో ట్రంపెట్ వాయించింది డిజ్జీ. అదే రోజు తీసిన నౌ ఈజ్ ద టైమ్ అనే బ్లూస్‌లో సోలో మైల్స్‌ది. రెండూ కొంచెం కొంచెం వినండి.

(రెండు రికార్డింగులు వినిపించారు.)

పరీక్ష పెడితే ఆ కుర్రాడు ఫెయిల్. ఇందులో దాచేదేం లేదు. కానీ ఆ రెండో పాటలో స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన చోటు విన్నారా? మధ్యస్థాయి దాటకుండా, వైబ్రాటో లేకుండా, తొందర లేకుండా. వైబ్రాటో వద్దని ఊళ్లో ఉన్నప్పుడే గురువు ఎల్వుడ్ బుకానన్ చెప్పాడు. పద్నాలుగేళ్ల తర్వాత 1959లో వచ్చిన ఆయన ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూకి విత్తనం ఇక్కడే ఉంది. మైల్స్ తర్వాత సాంకేతికంగా చాలా ఎదిగాడు, 1960ల్లో మంచి వేగంతో కూడా వాయించాడు. అప్పటికీ ఆ ఖాళీలు పూడ్చలేదు. చేతకానప్పుడు మొదలుపెట్టినదాన్ని చేతనయ్యాక కూడా కావాలని ఉంచుకున్నాడు. మీ ప్రశ్నకి నా జవాబు ఇది. చేతకానితనం అందరికీ ఉంటుంది, దాన్ని విని ఇందులో ఏదో ఉంది అనుకునే చెవి కొందరికే ఉంటుంది.

మైల్స్ సంగీతం అయిదారేళ్లకోసారి మారిపోయింది. అందుకని ఆయన్ని కూడా బహుముఖ ప్రజ్ఞ ఖాతాలో వేస్తారు కొందరు. నేను ఒప్పుకోను. చుట్టూ ఉన్న డ్రమ్స్ మారాయి, గిటార్లు వచ్చాయి, ఎలక్ట్రిక్ కీబోర్డులు వచ్చాయి, మధ్యలో ఆ ట్రంపెట్ అదే. 1969లో జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు ఆయన దగ్గరికి వచ్చాడు. చేతిలో లేని విద్య లేదు. స్టూడియోలో టేప్ తిరుగుతుంటే మైల్స్ ఇతనితో, నీకు గిటార్ రాదన్నట్టు వాయించు అన్నాడట. మెక్‌లాఫ్లినే చాలాసార్లు చెప్పుకున్నాడు ఈ మాట. ఇన్ ఎ సైలెంట్ వే ఆల్బమ్‌లో ఆ వాయింపు ఉంది, బిక్కుబిక్కుమంటూ ఒక్కో స్వరం ముట్టుకుంటాడు.

ఆ మెక్‌లాఫ్లినే తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ప్రపంచమంతా తిరిగే బృందం, పక్కన జాజ్ గిటార్, ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ తబలా. శ్రీనివాస్ జాజ్ వాయించడానికి ప్రయత్నించాడా? లేదు. గమకాలు అవే, స్వరకల్పన పద్ధతి అదే. వాళ్లకి ఆయన దగ్గర కావలసింది అదే మరి.

చేతకాదు అనే మాట థెలోనియస్ మంక్ అనే పియానిస్టు విషయంలో ఇంకా గట్టిగా వినపడేది. పక్కపక్క స్వరాలు రెండూ ఒకేసారి నొక్కుతాడు, వేళ్లు బల్లపరుపుగా పెడతాడు, ఎదురుచూసిన చోట వాయించడు. పియానో రాదన్నారు. న్యూయార్క్ హార్లెమ్‌లో మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్‌లో రోజూ వాయించిన మనిషికి, ఎడమచేయి కింది స్వరానికీ కార్డ్‌కీ మధ్య దూకే పాత స్ట్రైడ్ పద్ధతి చేతిలో ఇమిడిన మనిషికి పియానో రాదా? 1951లో ఒక డ్రగ్స్ కేసులో న్యూయార్క్ పోలీసులు ఆయన కాబరే కార్డు తీసేసుకున్నారు. అది లేనిదే మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించకూడదు, అంటే ఊళ్లో దాదాపు పనే లేదు. 1957 దాకా అంతే. ఆ ఆరేళ్లలో ఒక స్టూడియో పియానిస్టుగా మారి ఉంటే ఇల్లు సుఖంగా గడిచేది. ఇంట్లో కూర్చుని తన పాటలే వాయించుకున్నాడు. భార్య నెల్లీ ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. సొంత గొంతు గురించి మనం గొప్పగా చెప్పుకునే ప్రతి కథలో ఇలా బిల్లులు కట్టిన మనిషి ఒకరుంటారు. వాళ్ల గురించి ఎవరూ ప్రసంగాలు పెట్టరు. (నవ్వులు)

కార్డు తిరిగొచ్చాక 1957 వేసవిలో ఫైవ్ స్పాట్ అనే క్లబ్‌లో మంక్ వాయించడం మొదలుపెట్టాడు, పక్కన శాక్సఫోనిస్టు జాన్ కోల్ట్రేన్. కోల్ట్రేన్ సంగతి నా వాదానికి కాస్త ఇబ్బందే. ఎందుకంటే అంతకుముందు పదేళ్లు అతను అచ్చం మొదటి రకం మనిషి. ఎడ్డీ విన్సన్, ఎర్ల్ బోస్టిక్, జానీ హాడ్జెస్, ఎవరు పిలిస్తే వాళ్ల బ్యాండ్‌లో వాళ్లకి కావలసినట్టు వాయించాడు. మంక్ దగ్గర ఏమైందంటే, కోల్ట్రేన్ సోలో మధ్యలో మంక్ పియానో వదిలేసి లేచి నిలబడి ఊగుతూ ఉండేవాడు. కోల్ట్రేన్‌కి కింద ఆసరా లేదు. ఆ పాటల్లో ఒక కార్డ్ తప్పిపోతే ఖాళీ లిఫ్ట్ గుంతలో కాలేసినట్టుండేదని తర్వాత చెప్పాడు. ఆ ఏడాది నవంబర్‌లో కార్నెగీ హాల్‌లో వాళ్లు వాయించిన టేపు 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికింది. వినకపోతే వినండి.

రెండేళ్లకి జెయింట్ స్టెప్స్. ఎవరూ అడగకపోయినా, కార్డ్స్ కొత్త వలయంలో, దడదడా మారిపోయే పద్ధతి మీద కోల్ట్రేన్ చాలాకాలం సాధన చేసి ఆ పాట తెచ్చాడు. రికార్డింగ్‌లో పియానో టామీ ఫ్లానగన్. ఎలాంటి పియానిస్టు అనుకుంటున్నారు? తర్వాత గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్‌కి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించినవాడు, అభిరుచికి మారుపేరు. ఆ పాటలో ఆయన సోలో తడబడుతుంది, కొంతసేపయ్యాక ఒట్టి కార్డ్స్‌గా మిగులుతుంది. అది అలాగే రికార్డు మీద ఉండిపోయింది. దాన్ని చూపించి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కోల్ట్రేన్ ఇంట్లో కాపురం పెట్టిన పాటలోకి ఆ మనిషి చుట్టంచూపుగా వచ్చాడు. ఎంత బహుముఖుడైనా ఇంకొకడి ఏకాంత సాధనని ఒక్క పూటలో అందుకోలేడు. 1982లో ఫ్లానగన్ జెయింట్ స్టెప్స్ పేరుతోనే ఒక ఆల్బమ్ చేశాడు, ఆ పాట మళ్లీ వాయించాడు. హాయిగా, తనలాగా.

మైకేల్ బ్రెకర్ ఇంకా పెద్ద ఇబ్బంది. 1970, 80ల్లో న్యూయార్క్ స్టూడియోల్లో టెనర్ కావాలంటే ముందు ఈయనకే ఫోన్. పాప్ పాట మధ్యలో ఎనిమిది బార్లు వాయించి ఇంటికి వెళ్లిపోయేవాడు. పాప్ గాయకుడు పాల్ సైమన్ పాటలో ఈయన సోలో మీలో కొందరు వినే ఉంటారు. వందల ఆల్బమ్‌ల మీద ఉన్నాడు. సొంత పేరుతో తొలి ఆల్బమ్ 1987లో వచ్చింది, 38 ఏళ్ల వయసులో. ఇంతమంది కోసం ఇన్ని రకాలుగా వాయించిన మనిషి గొంతు అరిగిపోవాలి కదా, నా లెక్క ప్రకారం? అరగలేదు. పాప్ పాటలో ఆ ఎనిమిది బార్లు విన్నా బ్రెకరే అని తెలుస్తుంది. నా వాదంలో దీనికి సరైన జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించండి. చాలామంది ఆయన్ని పిలిచింది ఏదైనా వాయిస్తాడని కాదు, బ్రెకర్‌లా వాయిస్తాడని.

ఇప్పుడు ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న కచేరీ. 1977 ఏప్రిల్ 17, కార్నెగీ హాల్. రెండు పియానోలు. ఒకదాని దగ్గర మేరీ లూ విలియమ్స్, వయసు అరవై ఆరు. ఇంకోదాని దగ్గర సెసిల్ టేలర్, నలభై ఎనిమిది.

మేరీ లూ గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ, కాబట్టి కాస్త ఆగుతాను. చిన్నప్పటి నుంచే వేదికలెక్కింది. 1930ల్లో కాన్సస్ సిటీలో ఆండీ కిర్క్ బ్యాండ్‌కి పియానిస్టు, అరేంజర్. 1940ల్లో న్యూయార్క్‌లో ఆవిడ ఇంటికి మంక్, బడ్ పవెల్, డిజ్జీ వచ్చి కూర్చునేవారు, తమ కొత్త పాటలు ఆవిడకి వినిపించేవారు. 1945లో జోడియాక్ సూట్ అనే సంగీత రచన చేసింది. తర్వాత క్యాథలిక్ మతంలో చేరి జాజ్‌లో ప్రార్థనా సంగీతం రాసింది. రాగ్‌టైమ్, స్ట్రైడ్, బూగీవూగీ, స్వింగ్, బీబాప్, ఒక్కో కాలపు శైలులు అన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి. పుస్తకం చదివి నేర్చుకున్నవి కావు, ఒక్కొక్కటీ పుట్టినప్పుడు అక్కడ ఉండి వాయించినవి. జాజ్ చరిత్ర అంతా నేను బతికాను అని చెప్పుకోగల అర్హత ఉన్న అతి కొద్దిమందిలో ఒకరు.

సెసిల్ టేలర్ పూర్తిగా వేరు. 1950ల నుంచీ ఒకటే దారి. పియానోని డ్రమ్స్‌లా మోగిస్తాడు. కార్డ్స్ వరస లేదు, బార్ల లెక్క లేదు, గంట సేపు ఆగకుండా స్వరాల ధార. ఏళ్ల తరబడి పని దొరకలేదు, రెస్టారెంట్లలో గిన్నెలు కడిగాడు. అయినా వేరే రకంగా వాయించలేదు.

ఆయనకి ఆవిడంటే గౌరవం, ఆవిడకి ఆయనంటే కుతూహలం. ఒకరి కచేరీకి ఒకరు వెళ్లారు. కలిసి వాయిద్దామన్నది ఆవిడ ఆలోచనే. బ్లూస్, స్పిరిచువల్స్ అనే నల్లజాతి భక్తి పాటల నుంచి జాజ్ చరిత్ర అంతా ఒక వరసలో నడిపి, మధ్యలో ఆయన్ని కలుపుకుపోవాలని ఆవిడ ప్లాన్. ఎక్కడేం చేయాలో రాసి పెట్టుకుంది.

(రికార్డింగ్‌లో ఒక భాగం వినిపించారు.)

ఏం జరిగిందో విన్నారు. ఆవిడ బ్లూస్ మొదలుపెడుతుంది, చక్కగా చోటు వదులుతుంది, ఆయన ఆ చోటంతా నింపేస్తాడు. బాస్, డ్రమ్స్ వచ్చి ఆవిడకి తోడు నిలబడ్డా ఆయన జోరు తగ్గదు. కలిసి వాయించారనడం కంటే పక్కపక్కన వాయించారనడం నిజం. ఆవిడ నొచ్చుకుంది, సమీక్షకులు కూడా రెండు వర్గాలయ్యారు.

సొంత గొంతు పక్షం మనిషిని కదా, నేను సెసిల్ వైపు ఉండాలి. ఈ రికార్డు విన్నప్పుడల్లా ఆవిడ వైపే ఉంటాను. అవతలివాళ్లు ఏం వాయిస్తున్నారో వినడం కూడా ఇంప్రొవైజేషన్‌లో భాగమే. ఆవిడ వింటోంది, జవాబు చెబుతోంది, దారి మారుస్తోంది. ఆయన తన మాట తను చెబుతున్నాడు. ఇంకో సంగతి. ఇన్ని శైలులు మారిన మేరీ లూకి సొంత గొంతు లేదనుకుంటాం కదా. ఆ సుడిగాలి మధ్యలో ఆవిడ ఎడమచేతి బ్లూస్ వినండి. వేరేవాళ్లయితే అందులో కొట్టుకుపోయేవారు. అన్ని శైలుల అడుగునా ఆవిడ దగ్గర ఉన్నది ఆ బ్లూస్. ఎప్పుడూ పోలేదది.

విద్యార్థులు ఉన్నారు కాబట్టి కాలేజీల గురించి రెండు మాటలు. 1947లో టెక్సస్‌లో మొదటి జాజ్ డిగ్రీ కోర్సు మొదలైంది. బాస్టన్‌లో బర్క్‌లీ, ఆ తర్వాత ఎన్నో. 1967 నుంచి జేమీ ఏబర్‌సోల్డ్ తయారుచేసిన ప్లే అలాంగ్ రికార్డులు వచ్చాయి. బాస్, డ్రమ్స్, పియానో రికార్డులో మోగుతుంటే నువ్వు ఇంట్లో సోలో సాధన చేసుకోవచ్చు. ఇవాళ ఫోన్లో యాప్ ఉంది. ఉపయోగమే, నేనూ వాడతాను. కానీ ఆ రికార్డు నీ మాట వినదు, నువ్వేం వాయించినా దానికి ఒకటే. ఇక కాలేజీ మార్కులు వేయాలి. 12 శ్రుతుల్లోనూ వాయించాడా, ఫలానా స్కేల్, అంటే స్వరాల వరస, వచ్చా అన్నదానికి మార్కులు వేయగలరు. నాదానికి ఎన్ని వేస్తారు? అందుకే మార్కులు పడేదే పిల్లలు సాధన చేస్తారు. మాస్టార్ల తప్పు కాదిది, పరీక్ష అనే పద్ధతి తప్పు.

అయితే నకలు చేయొద్దని చెప్పను. లెనీ ట్రిస్టానో అనే అంధ పియానిస్టు న్యూయార్క్‌లో పాఠాలు చెప్పేవాడు. లెస్టర్ సోలో ఇచ్చి, వాద్యం ముట్టుకోకుండా ముందు రికార్డుతో కలిసి పాడమనేవాడు. ఊపిరితో సహా అచ్చంగా పాడాలి. మన పద్ధతికి దగ్గరగా ఉంది కదా. ఇలా ఒకరి సోలో గొంతులోకి దిగాక తెలుస్తుంది, ఇందులో నాకు సరిపోయేదేది, నాది కానిదేది అని. స్కేళ్ల పుస్తకం ఆ సంగతి చెప్పదు.

ట్రిస్టానో శిష్యుల్లో లీ కోనిట్జ్ ఉన్నాడు. ఆల్టో శాక్సఫోన్ పట్టిన ప్రతివాడూ పార్కర్‌లా వాయిస్తున్న రోజుల్లో అలా వాయించనివాడు. 2020లో 92 ఏళ్ల వయసులో కరోనాతో పోయాడు. డెబ్బై ఏళ్లకు పైగా కొన్ని పాత పాటలే మళ్లీ మళ్లీ వాయించాడు. విసుగు రాలేదా అంటే, వాయించే ప్రతిసారీ మొదటి స్వరం దగ్గర మళ్లీ ఆలోచించే మనిషికి విసుగెందుకు వస్తుంది?

1961 ఆగస్టులో ఆయన మోషన్ అనే ఆల్బమ్ చేశాడు. శాక్సఫోన్, బాస్, డ్రమ్స్, అంతే, కార్డ్స్ వినిపించే పియానో కూడా లేదు. డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. ఎల్విన్ అప్పుడు కోల్ట్రేన్ బృందంలో ఉన్నాడు, ఆ రోజుల్లో అంత ఉధృతంగా మోగే డ్రమ్స్ ఇంకొకరివి లేవు. అదే ఏడాది నవంబర్‌లో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో కోల్ట్రేన్ ఇండియా అనే పాట రికార్డు చేశాడు, దాంట్లోనూ డ్రమ్స్ ఎల్విన్‌వే.

రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెడతాను. ముందు కోనిట్జ్, ఐ రిమెంబర్ యూ. పాట అసలు వరస కోసం వెతక్కండి, ఆయన దాన్ని సూటిగా వినిపించడు. ఆ తర్వాత కోల్ట్రేన్. శాక్సఫోన్లని కాసేపు వదిలేసి డ్రమ్స్ ఒక్కటే వినండి, కుడిచేతి వైపు సైంబల్ ముఖ్యంగా. ఒకచోట అంత నెమ్మది మనిషితో, ఇంకోచోట అంత తుఫానుతో వాయించిన ఎల్విన్‌ని ఈ తగాదాలో ఏ పక్షాన కూర్చోబెట్టాలో నాకు తేలలేదు. విన్నాక మీరు చెప్పండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.

(రికార్డింగులు వినిపించారు.)